నమ్మని నాన్న చనిపోయారు: ‘నిత్యశిక్ష’ గురించి లేఖనం నిజంగా ఏమంటోంది?

వేకువచుక్క

నాన్న పోయి ఇరవై రెండు రోజులైంది. ఆయన క్రైస్తవుడు కాదు, మరే మతాన్నీ పాటించలేదు. అమ్మా నేనూ విశ్వాసులం. నా చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం మమ్మల్ని చర్చి దాకా తీసుకొచ్చి, తను మాత్రం బయటి మెట్టు మీద కూర్చుని ఆరాధన అయ్యేదాకా పేపరు చదువుకునేవారు. వాన వస్తే గోడవారగా జరిగేవారు. లోపల పాట మొదలైతే కాలితో తాళం వేసేవారని అమ్మ అంటుంది. అంతే, ఆ గడప ఏనాడూ దాటలేదు.

అంత్యక్రియల రోజు ప్రార్థన చేయడానికి వచ్చిన ఒక పెద్దాయన అమ్మతో, ‘ఆయన ఇప్పుడు ఎక్కడున్నారో మీకు తెలుసు కదమ్మా, మీరైనా జాగ్రత్తగా ఉండండి’ అన్నారు. ఆ రోజు నుంచి అమ్మ పొయ్యి వెలిగించినప్పుడల్లా మంట వైపు చూస్తూ నిలబడిపోతోంది. ఇప్పుడు వంట నేనే చేస్తున్నాను.

నాకు రెండు విషయాలు తెలియాలి. చనిపోయిన క్షణం నుంచి తీర్పు దినం దాకా మనిషి ఎక్కడ ఉంటాడు? ఆ తర్వాతి శిక్ష నిజంగా అంతులేనిదా? ఓదార్పు కోసం అబద్ధం చెప్పకండి. లేఖనమూ సంఘ చరిత్రా చదివినవారు ఈ చర్చావేదికలో ఉన్నారని తెలిసి అడుగుతున్నాను.

కాపలాదీపం

సహోదరీ, మీ నాన్నగారి విషయం చదివి చాలా బాధ కలిగింది. అబద్ధం వద్దన్నారు కాబట్టి నేను నమ్మేది నమ్మినట్టే రాస్తాను.

మత్తయి 25:46 చూడండి. ‘వీరు నిత్యశిక్షకును నీతిమంతులు నిత్య జీవమునకును పోవుదురు.’ ఒకే వాక్యం. రెండు పక్కలా ఒకే గ్రీకు విశేషణం. నిత్యజీవం అంతులేనిదని సంతోషిస్తూ, నిత్యశిక్ష దగ్గరికి వచ్చేసరికి ఆ మాటకు వేరే అర్థం వెతకడం న్యాయం కాదు. 5వ శతాబ్దంలో అగస్టీను ‘దేవుని నగరం’ 21వ భాగంలో చేసిన వాదన ఇదే. నన్ను తృప్తిపరచిన జవాబు దీనికి ఇంతవరకు నేను చూడలేదు. ప్రకటన 14:11 ఉంది, 20:10 ఉంది. ‘యుగయుగములు’ అన్న మాటను ఎంత సాగదీసినా అది ‘కొంతకాలం’ కాదు.

ఇదేదో మధ్యయుగాల భయపెట్టే కథ అనుకోకండి. నరకమని అనువదించే గెహెన్నా అనే మాట కొత్త నిబంధనలో 12 సార్లు వస్తుంది. అందులో 11 సార్లు పలికింది యేసే. మనల్ని అందరికన్నా ఎక్కువ ప్రేమించినవాడే ఎక్కువసార్లు హెచ్చరించాడు.

చావుకూ తీర్పుకూ మధ్యకాలం గురించి: ఆత్మ నిద్రపోదు. ‘వెళ్లిపోయి క్రీస్తుతో ఉండడం’ మేలని పౌలు ఫిలిప్పీ 1:23లో అంటాడు. స్పృహ లేని నిద్ర అయితే అందులో మేలేముంది? 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం కూడా ఆత్మలు చావవు, నిద్రపోవు అని స్పష్టంగా చెప్పింది.

ఆ పెద్దాయన సిద్ధాంతంలో నాకు తప్పు కనబడలేదు. ఆ మాట అన్న చోటు, అన్న వేళ మాత్రం ఘోరమైన తప్పు.

పాతప్రతి

వాదనలోకి వెళ్లే ముందు మాటలు విడదీసుకుందాం. ఈ విషయంలో సగం గందరగోళం మాటల దగ్గరే పుట్టింది.

హీబ్రూలో ‘షియోల్’. పాత నిబంధనలో చనిపోయినవారందరూ చేరే చీకటి చోటు. మంచివాళ్లకు వేరు, చెడ్డవాళ్లకు వేరు అని అక్కడ ఎక్కువచోట్ల కనిపించదు. యోసేపు చనిపోయాడనుకున్న యాకోబు, ఏడుస్తూనే షియోలుకు నా కొడుకు దగ్గరికి వెళ్తానంటాడు (ఆదికాండము 37:35). నీ కోపం చల్లారేదాకా నన్ను షియోల్‌లో దాచిపెట్టమని యోబు దేవుణ్ణి బతిమాలుకుంటాడు (14:13). నిప్పుల కొలిమిలో దాచమని ఎవరైనా వేడుకుంటారా?

దానికి గ్రీకు మాట ‘హేడెస్’. లూకా 16లో ధనవంతుడు ఉన్నది హేడెస్‌లో, గెహెన్నాలో కాదు. ప్రకటన 20:14లో ఆ హేడెస్‌నే తీసుకెళ్లి అగ్నిగుండంలో పడేస్తారు. అంటే అవి రెండూ ఒకటి కావు.

‘గెహెన్నా’ నిజమైన ఒక లోయ పేరు. యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయ. అక్కడ పిల్లలను నిప్పులో దహించి బలి ఇచ్చేవారు. యోషీయా రాజు ఆ చోటును అపవిత్రపరచి ఆ పని ఆపించాడు (2 రాజులు 23:10). అది ‘వధ లోయ’ అవుతుందని యిర్మీయా ప్రకటించాడు (7:32). యేసు గెహెన్నా అనగానే విన్నవాళ్లకు ఈ చరిత్రంతా కళ్ల ముందు కదిలి ఉంటుంది. ఇక్కడ ఒక సవరణ. అది ఊరి చెత్త నిరంతరం తగలబెట్టే చోటని ప్రసంగాల్లో తరచుగా చెప్తారు. ఆ మాట మనకు మొదట కనిపించేది సుమారు 1200 నాటి దావీదు కింహి అనే యూదు వ్యాఖ్యాత దగ్గర. యేసు కాలపు సాక్ష్యం దొరకలేదు. దాని మీద సిద్ధాంతం కట్టకండి.

1611 నాటి కింగ్ జేమ్స్ ఆంగ్ల బైబిల్ ఈ మాటలన్నిటికీ చాలాచోట్ల ఒకే మాట వాడేసింది. తెలుగు బైబిల్ కొంత నయం, పాతాళమనీ మృతుల లోకమనీ నరకమనీ వేరు చేసింది. కానీ ‘నరకం’ అన్న మాటకు మన భాషలో అప్పటికే ఒక అర్థం ఉంది: చేసిన పాపానికి లెక్క తీరేదాకా ఉండే చోటు. అంతులేని శిక్ష అన్న భావాన్ని మనం తర్వాత ఆ మాటలోకి ఎక్కించుకున్నాం.

‘నిత్య’ అని అనువదించిన ‘అయోనియోస్’ గురించి తర్వాత రాస్తాను. అది రెండు మాటల్లో తేలేది కాదు.

ఇసుకగడియారం

పాతప్రతి గారు నేల చదును చేశారు. నేను అడుగుతున్న ప్రశ్న ఇంకా మొదటిది. ఆత్మకు చావు లేదని బైబిల్లో ఎక్కడుంది?

ఆదికాండము 2:7లో దేవుడు మట్టిలో జీవవాయువు ఊదితే ‘నరుడు జీవాత్మ ఆయెను’. ఆత్మ అనే చావులేని వస్తువును మనిషికి ఇచ్చారని లేదు, మనిషే అలా అయ్యాడు. పాపం చేశాక జీవవృక్షం దగ్గరికి దారి మూసేశారు. ఎందుకు? తిని శాశ్వతంగా బతికిపోతాడని (3:22). ముందే చావులేనివాడైతే కాపలా పెట్టాల్సిన పని ఏముంది? 1 తిమోతి 6:16 అమరత్వం దేవుడొక్కడికే ఉందంటుంది. ఆత్మ సహజంగా చావులేనిదన్న ఆలోచన ప్లేటోది. ఆయన ‘ఫేడో’లో సోక్రటీసు విషం తాగబోతూ చేసే వాదన అది. తొలి సంఘ పెద్దల్లో చాలామంది ఆ చదువు చదువుకున్నవారే.

ఇక ముగింపు కోసం లేఖనం వాడే మాటలు వరుసగా చదవండి. ‘పాపమువలన వచ్చు జీతము మరణము.’ యోహాను 3:16లో ‘నశింపక’. మత్తయి 10:28లో ఆత్మను, దేహాన్ని కూడా నరకంలో ‘నశింపజేయగలవాడు’. ‘ఈ అగ్నిగుండము రెండవ మరణము.’ రెండో మరణాన్ని అంతులేని రెండో బతుకుగా చదవడం నాకు చేతకాలేదు.

కాపలాదీపం గారూ, మత్తయి 25:46కు నా జవాబు ఇది. హెబ్రీ పత్రికలో ‘నిత్యమైన తీర్పు’ (6:2), ‘నిత్యమైన విమోచన’ (9:12) ఉన్నాయి. న్యాయమూర్తి శాశ్వతంగా తీర్పు చదువుతూనే ఉంటాడా? క్రీస్తు శాశ్వతంగా విడిపిస్తూనే ఉంటాడా? ఒక్కసారి జరుగుతుంది, ఫలితం శాశ్వతం. శిక్ష కూడా అంతే. ఆ మనిషి ఇక ఉండడు, మళ్లీ రాడు. యూదా పత్రిక 7వ వచనంలో సొదొమ ‘నిత్యాగ్ని’ దండన పొందిందని ఉంది. ఆ మంట ఇప్పుడు మండుతోందా?

ఇది కొత్తగా పుట్టిన వాదమూ కాదు. 4వ శతాబ్దం మొదట్లో అర్నోబియస్ అనే క్రైస్తవ రచయిత ఇలాగే రాశాడు. 1863లో సంఘంగా ఏర్పడిన సెవెంత్‌డే అడ్వెంటిస్టుల బోధ ఇదే. 1982లో ఎడ్వర్డ్ ఫడ్జ్ ఒక్కొక్క వచనం తీసి పెద్ద పుస్తకమే రాశారు. 1988లో జాన్ స్టాట్ అంతటి సువార్తిక బోధకుడు తను కూడా ఇటువైపే మొగ్గుతున్నానని, అయితే తుది మాటగా కాదని ప్రకటించారు. ఇంగ్లండు సంఘపు సిద్ధాంత సంఘం 1995 నివేదికలో నరకాన్ని పూర్తిగా లేకుండా పోవడంగానే వర్ణించింది.

మధ్యకాలం: ‘చచ్చినవారు ఏమియు ఎరుగరు’ (ప్రసంగి 9:5). బేతనియ లాజరు నాలుగు రోజులు సమాధిలో ఉండి లేచాడు. ఆ నాలుగు రోజుల గురించి అతను చెప్పిన ఒక్క మాట కూడా యోహాను రాయలేదు. అతను నిద్రపోతున్నాడని యేసే అన్నాడు.

వేకువచుక్క గారూ, నేను నమ్మేదాని ప్రకారం మీ నాన్నగారు ఈ క్షణంలో ఏ బాధా పడటం లేదు. ఇది ఓదార్పు కోసం కల్పించిన మాట కాదు.

కాపలాదీపం

బలిపీఠం కింద ఉన్న ఆత్మలు ‘ఎందాక’ అని కేకలు వేస్తున్నాయి (ప్రకటన 6:9, 10). సిలువ మీద దొంగతో యేసు ‘నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు’ అన్నాడు. నిద్రపోయేవాళ్లు కేకలు వేయరు, ‘నేడు’ అంటే తీర్పు దినం కాదు. ప్రసంగి గ్రంథం సూర్యుని కింద కనబడేంత మేరకే మాట్లాడుతుంది, అది దాని పద్ధతి.

‘బాధింపబడుదురు’ అన్న మాటను ‘లేకుండా పోతారు’ అని ఎలా చదువుతారు?

ఇసుకగడియారం

ప్రకటన 20:10లో ఆ మాట అపవాదికీ మృగానికీ అబద్ధ ప్రవక్తకూ చెప్పింది. మృగమంటే ఒక రాజ్యాధికారానికి గుర్తని మీరూ బోధిస్తారు. రాజ్యాధికారానికి ఒంటి నొప్పి ఉంటుందా?

14:11 మాత్రం నాకు కష్టమైన వచనమే, ఒప్పుకుంటాను. ఎదోము పొగ నిత్యం లేస్తుందన్న యెషయా 34:10 భాషను అక్కడ తీసుకున్నారన్నది నా జవాబు. అది అందరినీ ఒప్పించదని తెలుసు.

దొంగకు చెప్పిన మాటలో కామా ఎక్కడ పెట్టాలన్నది మరో ప్రశ్న. ‘నేడు నీతో చెప్పుచున్నాను, నాతో ఉందువు’ అని కూడా చదవవచ్చు.

పాతప్రతి

కామా విషయంలో మీతో ఏకీభవించలేను. పాత రాతప్రతుల్లో కామాలు లేవు, అది నిజం. కానీ ‘నిశ్చయముగా నీతో చెప్పుచున్నాను’ అన్నది యేసు పదేపదే వాడిన మాట. సువార్తల్లో మరెక్కడా దానికి ‘నేడు’ తగిలించలేదు. ఇక్కడొక్కచోటే తగిలించాడనడానికి మన అవసరం తప్ప మరో కారణం లేదు.

ఇప్పుడు ‘అయోనియోస్’. ‘అయోన్’ అంటే యుగం, దాని నుంచి వచ్చిన విశేషణం. రోమా 16:25లో గడిచిపోయిన కాలాలకు ఇదే మాట వాడారు, అవి ముగిశాయి. తర్వాతి వచనంలోనే దేవునికి వాడారు, ఆయనకు అంతం లేదు. కాబట్టి ‘యుగానికి చెందిన’ అని తేల్చేసి పండగ చేసుకునేవారూ, ‘అంతులేని’ అని తేల్చేసి తలుపు మూసేవారూ ఇద్దరూ తొందరపడుతున్నారు. దేన్ని వర్ణిస్తున్నదో దాన్ని బట్టి అర్థం నిలుస్తుంది.

మత్తయి 25:46లో ‘శిక్ష’కు వాడిన గ్రీకు మాట ‘కొలాసిస్’. శిక్ష పడేవాడి మేలు కోసమైతే కొలాసిస్ అనీ, వేసేవాడి తృప్తి కోసమైతే తిమోరియా అనీ అరిస్టాటిల్ వేరు చేశాడు. ఇది చాలామందికి ఇష్టమైన ఆధారం. నాకూ ఒకప్పుడు ఇష్టమే. కానీ మొదటి శతాబ్దం నాటికి ఆ తేడా వాడుకలో బాగా చెరిగిపోయింది. దాని మీద పూర్తి బరువు వేయలేం.

జపమాల

కతోలిక సంఘం ఏం చెబుతుందో కొంచెం రాస్తాను, ఇక్కడ దాని మాట ఎవరూ ఎత్తలేదు.

మనిషి చనిపోగానే అతనికి విడిగా ఒక తీర్పు ఉంటుంది. లోకాంతాన అందరికీ తీర్పు మరొకటి. మధ్యకాలం ప్రశ్న మా దగ్గర కూడా ఒకప్పుడు రగిలింది. 22వ జాన్ పోపు, పుణ్యాత్ములు సైతం చివరి తీర్పు దాకా దేవుణ్ణి ముఖాముఖిగా చూడరని 1330ల మొదట్లో ప్రసంగించారు. పెద్ద దుమారం లేచింది. 1334లో మరణశయ్య మీద ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఆయన తర్వాత వచ్చిన 12వ బెనెడిక్ట్, శుద్ధి పొందనవసరం లేనివారు వెంటనే చూస్తారని 1336లో శాసనంగా ప్రకటించారు. పోపు కూడా తడబడ్డ విషయం ఇది. అలాంటిది అంత్యక్రియల దగ్గర నిలబడి ఒకరి చిరునామా చెప్పేయడానికి మనకు ధైర్యం ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

ఉత్తరించు స్థలం గురించి ల్యోన్ (1274), ఫ్లోరెన్స్ (1439), ట్రెంట్ సభలు బోధించాయి. అది చిన్న నరకం కాదు. రక్షణ పొందినవారే వెలుగు చూడబోయే ముందు కళ్లు కడుక్కునే చోటు. చనిపోయినవారి కోసం మేం ప్రార్థించేది అందుకే.

నరకం ఉంది, అది నిత్యమైనది, ఇందులో సంఘం మాట మార్చలేదు. అయితే 1992 నాటి సత్యోపదేశం (మా సంఘ బోధల గ్రంథం) ప్రకారం అక్కడి ప్రధాన శిక్ష దేవునికి శాశ్వతంగా దూరమవడం. ఎవరినీ దేవుడు ముందే నరకానికి రాసిపెట్టలేదని కూడా అందులో ఉంది. తమ తప్పు లేకుండా సువార్త ఎరగక, మనసాక్షి చెప్పిన మేరకు నిజాయితీగా బతికినవారు రక్షణ పొందగలరని రెండో వాటికన్ మహాసభ 1964లో రాసింది.

ఇంకొక్క మాట. మా సంఘం వేలమందిని పునీతులుగా ప్రకటించింది. ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని మాత్రం ఇంతవరకు ఒక్కరి గురించి కూడా ప్రకటించలేదు.

రాత్రిపాళి

నాకు గ్రీకు రాదు. పద్దెనిమిదేళ్లుగా నర్సు పని చేస్తున్నాను. చివరి రోజుల్లో ఉన్నవాళ్ల వార్డు మాది.

ఒక పెద్దాయన ఉండేవారు, జీవితమంతా చర్చికి వెళ్లినవారే. ఏనాడో చేసిన ఒక పనిని దేవుడు క్షమించలేదని ఆయన నమ్మకం. ఒంట్లో జ్వరం లేదు. అయినా దుప్పటి కాళ్ల మీద ఉండనిచ్చేవారు కాదు, సెగ తగులుతోందనేవారు. రాత్రి రెండు గంటలకు నన్ను పిలిచి పాదాలు చూడమనేవారు. నేను తడిగుడ్డతో తుడిచేదాన్ని. మామూలు పాదాలు, చల్లగానే ఉండేవి. కొంచెం నెమ్మదించి మళ్లీ గంటకు పిలిచేవారు. కొడుకు వచ్చి చేయి పట్టుకుంటే చేయి విడిపించుకుని గోడ వైపు తిరిగారు. ఆ కొడుకు ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మనుషుల్ని భయపెడితే దేవుని వైపు తిరుగుతారని అంటారు. తిరిగినవాళ్లు ఉండే ఉంటారు. నేను చూసిన ఆయన గోడ వైపు తిరిగారు. కాపలాదీపం గారూ, మీ నమ్మకాన్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఈ బోధ చెప్పేవారు ఒక్కసారైనా ఆ పాదాలు తుడవాలని నా కోరిక.

కొండమల్లె

వేకువచుక్క గారు సంఘ చరిత్ర అడిగారు. అందులో మరుగున పడిన ఒక గది తలుపు తీస్తాను.

379లో నిస్సా గ్రెగరీ అనే బిషప్ తన అక్క మక్రీనా దగ్గరికి వెళ్లాడు. గ్రెగరీకి అన్న అయిన బాసిల్ అప్పటికే చనిపోయాడు. ఓదార్పు కోసం వెళ్తే అక్క కూడా మరణశయ్య మీద ఉంది. చనిపోబోతున్న ఆవిడే తమ్ముణ్ణి కూర్చోబెట్టి, ఆత్మ గురించీ పునరుత్థానం గురించీ బోధించింది. గ్రెగరీ దాన్ని సంభాషణగా రాశాడు. అందులో ఒక ఉపమానం ఉంది. బురద పట్టి ఎండిపోయిన తాడును ఇరుకైన కంతలో నుంచి లాగితే ఏమవుతుంది? మట్టి రాలిపోతుంది, తాడు ఒరిపిడికి నలుగుతుంది. లాగేవాడి ఉద్దేశం తాడును బాధపెట్టడం కాదు. దేవుడు తనవాళ్లను తన దగ్గరికి లాక్కుంటాడు, అంటుకున్న చెడే నొప్పి పుట్టిస్తుంది. ఎంత మట్టి ఉంటే అంత నొప్పి.

చివరికి దేవుడు ‘సర్వములో సర్వము’ అవుతాడన్న 1 కొరింథీ 15:28ను గ్రెగరీ అక్షరాలా నమ్మాడు. ఆయన కన్నా ముందు ఓరిజెన్ అనే తొలి సంఘ పండితుడు దాదాపు ఇదే చెప్పాడు. 553లో కాన్‌స్టాంటినోపుల్ సభ సమయంలో ఓరిజెన్ పేరిట నడిచిన బోధలను ఖండించారు. ఆ ఖండనల్లో సభ చేసినవెన్ని, చక్రవర్తి జస్టీనియన్ ఒత్తిడితో వచ్చినవెన్ని అన్నది పండితుల మధ్య ఇంకా తేలలేదు. గ్రెగరీని మాత్రం ఎవరూ ఖండించలేదు, ఈనాటికీ ఆయన పునీతుడే. 7వ శతాబ్దపు సన్యాసి నీనెవె ఇస్సాకు, గెహెన్నాలో ఉన్నవారిని కొట్టేది ప్రేమ అనే కొరడా అన్నాడు.

ఆదామునందు అందరూ చనిపోయినట్టే క్రీస్తునందు అందరూ బతికించబడతారని పౌలు రాశాడు. మొదటి ‘అందరూ’లో మీ నాన్నగారు ఉన్నారని ఎవరికీ సందేహం లేదు. రెండో ‘అందరూ’లో నుంచి ఆయన్ని ఎందుకు తీసేయాలి?

కాపలాదీపం

ఆ అధ్యాయంలోనే తర్వాతి వచనం ‘క్రీస్తువారు’ అంటుంది, అందుకు. పోనీ అది వదిలేసినా యూదా ఇస్కరియోతు సంగతి? ఆ మనిషి పుట్టకపోయి ఉంటే అతనికి మేలన్నాడు ప్రభువు (మత్తయి 26:24). ఎన్ని యుగాలకైనా చివరికి పరలోకం చేరేవాడైతే, పుట్టడమే మేలవుతుంది కదా. దీనికి జవాబు చెప్పండి.

రాత్రిపాళి గారూ, మీ మాట చదివాను. వెంటనే జవాబు రాయలేకపోతున్నాను.

కొండమల్లె

యూదా వచనానికి నా దగ్గర తృప్తికరమైన జవాబు లేదు. అందుకే నేను ‘అందరూ రక్షణ పొందుతారు’ అని బోధించను. అలా ఆశిస్తాను, అందుకోసం ప్రార్థిస్తాను. సిద్ధాంతానికీ ఆశకూ మధ్య ఉన్న ఆ గీత దాటను.

రాతిబావి

నేను క్రైస్తవుణ్ణి కాదు. చదువుతూ వచ్చాను, ఒక మాట చెప్పాలనిపించింది.

నా చిన్నతనాన్ని పాడుచేసిన మనిషి ముసలితనం దాకా గౌరవంగా బతికి, మంచం మీద ప్రశాంతంగా పోయాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ‘అందరూ చివరికి సుఖంగా ఉంటారు’ అని మీలో ఎవరైనా అంటే నా గుండె బిగుసుకుంటుంది. ‘అతను లేకుండా పోయాడు, అంతే’ అన్నా అలాగే ఉంటుంది. అంటే తప్పించుకున్నట్టే కదా.

అతను అంతులేకుండా కాలాలని నాకు లేదు. చాలాకాలం ఉండేది, ఇప్పుడు లేదు. తను చేసినది ఏమిటో తనకు పూర్తిగా తెలియాలి. నేను ఆ వయసులో ఎలా ఉన్నానో అలా, లోపలి నుంచి తెలియాలి. మీ ఏ సిద్ధాంతంలో దానికి చోటుందో చెప్పండి.

ఇసుకగడియారం

రాతిబావి గారూ, మీరు అడిగినది న్యాయం. నా వైపువారు దీన్ని తొందరగా దాటేస్తారు, నేనూ దాటేశాను. లేకుండా పోవడానికి ముందు లేపడం ఉంది, గ్రంథాలు విప్పడం ఉంది. కొందరికి ఎక్కువ దెబ్బలు, కొందరికి తక్కువ అని లూకా 12లో యేసే అన్నాడు. ఆ మనిషి నిద్రలోనే మాయమైపోడు. నిలబెడతారు, చూపిస్తారు. దీన్ని నేను మొదటి టపాలోనే రాసి ఉండాల్సింది.

కొండమల్లె

తాడు నలిగేది సరిగ్గా అక్కడే. చేసినదాన్ని లోపలి నుంచి చూడకుండా ఎవరూ ఆ కంత దాటరు. మీరు అడిగినంత చిన్న వెల కాదది.

కాపలాదీపం

రాతిబావి గారూ, ఏ సిద్ధాంతమైనా మీకు జరిగినదాన్ని చిన్నది చేస్తే అది అబద్ధ సిద్ధాంతం. ఇందులో మేం ముగ్గురం ఒకటే.

వేకువచుక్క

అందరి టపాలూ రెండుసార్లు చదివాను. ఒక సంగతి మొదట్లోనే రాయాల్సింది, మనసు రాలేదు.

నాకు పదిహేనేళ్లప్పుడు లోపలికి ఎందుకు రారని నాన్నను గట్టిగా అడిగాను. పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుని, ‘నమ్మకుండా లోపల కూర్చుంటే అది మీ దేవుడికి మర్యాద కాదమ్మా’ అన్నారు. ఎగతాళి కాదు. నిజంగానే అలా అనుకున్నారు. దేవుణ్ణి నమ్మని మనిషి, ఉంటే గనక ఆయనకు అమర్యాద జరగకూడదని ముప్పై ఏళ్లు వానలో ఎండలో బయట కూర్చున్నారు.

జపమాల గారూ, ‘తమ తప్పు లేకుండా ఎరగని’ అంటే ఇదేనా? ఆయనకు సువార్త వినపడనిది కాదు. కిటికీలోంచి ప్రతి ఆదివారం వినపడింది.

జపమాల

చెవికి వినపడటం, మనసుకు అందడం ఒకటి కాదు. ఎందుకు అందలేదో, ఆ అడ్డు ఎవరు పెట్టిందో మనకు కనిపించదు. కొన్నిసార్లు ఆ అడ్డు లోపల కూర్చున్న మనమే. ఇంతకన్నా చెప్తే నేనూ ఆ పెద్దాయనలాగే చిరునామా రాసినట్టవుతుంది. ఆయన కోసం ప్రార్థిస్తాను.

కాపలాదీపం

మీ నాన్నగారి మాట రాత్రంతా నన్ను వదల్లేదు.

నా విశ్వాసం మారలేదు. మత్తయి 25:46ను ముందెలా చదివానో ఇప్పుడూ అలాగే చదువుతున్నాను. కానీ అదే అధ్యాయం పైనుంచి చదివితే రెండు పక్కల వాళ్లూ ఆశ్చర్యపోతారు, ‘ప్రభువా, ఎప్పుడు చూశాం?’ అంటారు. ఎవరు ఏ పక్క నిలబడతారో అక్కడున్నవాళ్లకే ముందు తెలియలేదు. ఇరవై ఏళ్లుగా ఆ అధ్యాయం మీద ప్రసంగిస్తూ ఆ ఆశ్చర్యాన్ని చదివి దాటేశాను.

సొదొమ కోసం బేరమాడుతూ అబ్రాహాము ‘సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా’ అని అడిగాడు. మీ నాన్నగారి విషయంలో నేను ఆ ప్రశ్న దగ్గరే ఆగుతాను. అంత్యక్రియల దగ్గర నేనూ కొన్నిసార్లు ఆ పెద్దాయనలా మాట్లాడాను. వాళ్లలో ఇద్దరి ఇళ్లు నాకు తెలుసు, వెళ్లి కలుస్తాను.

రాత్రిపాళి గారూ, మీ వార్డులోకి బయటివారిని రానిస్తారా? ప్రసంగం చేయడానికి కాదు.

రాత్రిపాళి

రానిస్తారు. రాత్రి పది దాటాక రండి, అప్పుడే మనుషులు కావాలి. తడిగుడ్డలు మా దగ్గరే ఉంటాయి.

వేకువచుక్క

యాకోబు షియోలుకు కొడుకు దగ్గరికి వెళ్తానన్న వచనం అమ్మకు చదివి వినిపించాను. ‘పెద్ద పితరుడు కూడా అలా అన్నాడా’ అని మళ్లీ చదవమంది. తర్వాత తనే కీర్తన 139 తీసింది. ‘నేను పాతాళమందు పండుకొనినను నీవు అక్కడను ఉన్నావు.’ వచ్చే వారం నాన్న కోసం కూడుకునేటప్పుడు అది చదవమంటోంది. చదువుతాను.

మీలో ఎవరు సరైనవారో నేను తేల్చుకోలేదు. యెషయా 66:24లోని పురుగు, మంట ఉన్నది శవాల మీదా, బతికున్నవారి మీదా అన్నది కూర్చుని చదవాలి. పాతప్రతి గారు సాయం చేస్తే అక్కడి నుంచి మళ్లీ మొదలుపెడదాం.

ఈ ఆదివారం అమ్మ లోపలికి రాలేదు. మెట్టు మీద కూర్చుంటానంది. నేనూ పక్కన కూర్చున్నాను. అక్కడికి పాటలు చాలా స్పష్టంగా వినిపిస్తాయి, మాట మాటా తెలుస్తుంది. ప్రసంగం మాత్రం ఫ్యాన్ల చప్పుడులో సగమే అందుతుంది.

పాతప్రతి

హీబ్రూలో అక్కడ ‘పెగెర్’ అని ఉంది, కళేబరమని అర్థం. మార్కు 9:48 దాన్నే ఎత్తి చూపుతుంది. ఎల్లుండి కూర్చుని వివరంగా రాస్తాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.